క్యాన్సర్ చికిత్సల క్లినికల్ ట్రయల్స్

క్యాన్సర్‌కు కొత్తగా వచ్చిన మందు, ఆపరేషన్ పద్ధతి, రేడియేషన్ మోతాదు, నొప్పినీ వాంతులనూ తగ్గించే ఉపశమన విధానం నిజంగా పనిచేస్తాయా, ఎంత హాని చేస్తాయి, ఇప్పుడున్న చికిత్సకన్నా మెరుగేనా అన్నది రోగుల సాయంతోనే తేల్చుకునే అధ్యయనాన్ని క్యాన్సర్ క్లినికల్ ట్రయల్ అంటారు. ఇది ముందుగా రాసిపెట్టుకున్న నియమావళి ప్రకారం సాగుతుంది. దాని పేరు ప్రోటోకాల్. ఎవరిని చేర్చుకోవాలి, ఏ రోజు ఎంత మందు ఎక్కించాలి, ఏ ఫలితం వస్తే గెలిచినట్టు, ఎప్పుడు ఆపేయాలి అన్నవన్నీ మొదటి రోగి చేరకముందే అందులో ఖాయమవుతాయి. ఫలితం చూశాక ప్రశ్న మార్చుకునే వీలు ఎవరికీ ఉండకూడదని ఈ ఏర్పాటు.

మన ఇళ్లలో ట్రయల్ మాట ఎత్తితే రెండు రకాల జవాబులు వస్తాయి. ‘మా మనిషి మీద ప్రయోగాలు చేస్తారా’ అని ఒకరు లేచి వెళ్లిపోతారు. ఉన్న మందులన్నీ అయిపోయాక ‘అమెరికాలో ఏదో కొత్తది వచ్చిందట, ట్రయల్లోనైనా ఇప్పించండి’ అని మరొకరు దింపుడు కళ్లం ఆశతో బతిమాలుతారు. ఆ భయానికీ కారణాలున్నాయి, ఈ ఆశకూ ఆధారాలున్నాయి. అయితే ట్రయల్ పెట్టేది ఒక ప్రశ్నకు జవాబు కోసం. చేరినవారికి మేలు జరగవచ్చు, జరగకపోవచ్చు. కాబట్టి ఏ ట్రయల్ విషయంలోనైనా ముందు చూడాల్సింది అది అడుగుతున్న ప్రశ్నేమిటి, దాని జవాబు ఎవరికి పనికొస్తుంది అన్నదే.

చరిత్ర

క్యాన్సర్ మందుల చరిత్రలో తొలి పుటల్లోనే ఒక తెలుగువాడు కనిపిస్తాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో ఫోలిక్ ఆమ్లం మీద పరిశోధన నడిపారు. బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో పాథాలజిస్టుగా ఉన్న సిడ్నీ ఫార్బర్, అక్కడి నుంచి వచ్చిన ఫోలిక్ ఆమ్ల సంబంధిత పదార్థాలను ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గలేదు సరికదా, మరింత జోరందుకున్నట్టు కనిపించింది. అలాంటప్పుడు ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డగించే పదార్థం ఇస్తే జబ్బు కణాల జోరు తగ్గాలి. సుబ్బారావు బృందం తయారుచేసి పంపిన అమినోప్టెరిన్‌తో ఫార్బర్ ఆ పనే చేశాడు. 1948 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఆ నివేదిక ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. అది తాత్కాలికమే, జబ్బు మళ్లీ తిరగబెట్టింది. కానీ అంతవరకు ల్యుకేమియా పిల్లలకు అలాంటి ఊరట కూడా దొరికింది లేదు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ప్రతి క్యాన్సర్ ఆస్పత్రి ఫార్మసీలోనూ ఉంటుంది.

ఫార్బర్ చేసినదాన్ని నేటి కొలతల్లో ట్రయల్ అనడం కష్టం. పోల్చి చూడటానికి మందు తీసుకోని మరో జట్టు లేదు. రోగికి ఏం చెప్పాలి, ఎవరి సమ్మతి తీసుకోవాలి అన్న కట్టుబాట్లూ అప్పటికి కుదురుకోలేదు. నాజీ వైద్యుల విచారణ తర్వాత 1947లో వచ్చిన న్యూరెంబర్గ్ నియమావళి, 1964 నాటి హెల్సింకి ప్రకటన వాటికి పునాది వేశాయి. పోల్చి చూసే పద్ధతి క్షయరోగం వైపు నుంచి వచ్చింది. 1948లో బ్రిటన్ ప్రచురించిన స్ట్రెప్టోమైసిన్ ట్రయల్లో గణాంకవేత్త ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్, ఏ రోగి ఏ జట్టులోకి వెళ్లాలన్నది డాక్టరు ఇష్టానికి వదలకుండా యాదృచ్ఛిక సంఖ్యలకు అప్పగించాడు. 1950ల మధ్యలో అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఆ పద్ధతిని ల్యుకేమియాకు తెచ్చింది.

దాని విలువ ఎంతో తెలిసింది రొమ్ము క్యాన్సర్ దగ్గర. 19వ శతాబ్దం చివర విలియం హాల్‌స్టెడ్ ప్రవేశపెట్టిన ఆపరేషన్‌లో రొమ్ముతోపాటు దాని కింది ఛాతీ కండరాలు, చంకలోని లింఫ్ గ్రంథులు అన్నీ తీసేసేవారు. ఎంత ఎక్కువ కోస్తే జబ్బు అంత దూరమవుతుందన్నది నమ్మకం. దాదాపు ఎనభై ఏళ్లు సర్జన్లు దాన్నే పాటించారు. చెయ్యి వాచి పైకెత్తలేని స్థితిలో ఎందరో స్త్రీలు మిగిలిన జీవితం గడిపారు. పిట్స్‌బర్గ్ సర్జన్ బెర్నార్డ్ ఫిషర్ ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టాడు. 1971లో మొదలైన ఒక ట్రయల్, 1976లో మొదలైన మరో ట్రయల్ ఆయన నాయకత్వంలో నడిచాయి. రెండోదాంట్లో గడ్డను మాత్రమే తీసి వదిలేయడం, గడ్డ తీసి రేడియేషన్ ఇవ్వడం, మొత్తం రొమ్ము తీసేయడం అనే మూడు దారులను పోల్చారు. రోగులు దొరకడమే గగనమైంది. తన రొమ్ము ఉంచాలా తీయాలా అన్నది యాదృచ్ఛికంగా తేలడానికి ఏ స్త్రీ సులువుగా ఒప్పుకుంటుంది? సర్జన్లయితే సాటి డాక్టరు తమ వృత్తినే తప్పుపడుతున్నాడని మండిపడ్డారు. 2002లో వచ్చిన ఇరవై ఏళ్ల ఫలితాల్లోనూ ఆయుర్దాయంలో ఆ మూడు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. రేడియేషన్ ఇచ్చినవారిలో అదే రొమ్ములో గడ్డ తిరిగి రావడం బాగా తగ్గింది. ఈనాడు హైదరాబాదులోనో విశాఖలోనో తొలిదశలో ఆస్పత్రికి వచ్చిన స్త్రీకి రొమ్ము మిగుల్తోందంటే, ఆనాడు సరేనన్న ఆ స్త్రీలే అందుకు కారణం.

ట్రయల్‌కు ఆగకుండా ఆశకు పోతే ఏమవుతుందో కూడా రొమ్ము క్యాన్సరే చూపింది. 1990లలో అమెరికాలో ముదిరిన రొమ్ము క్యాన్సర్‌కు చాలా ఎక్కువ మోతాదులో కీమో ఇచ్చి, దెబ్బతిన్న ఎముక మజ్జను మార్పిడితో నిలబెట్టే చికిత్స బాగా ప్రచారంలోకి వచ్చింది. రోగులు కోర్టుకెక్కి బీమా కంపెనీల చేత డబ్బు కట్టించుకున్నారు. ఆ చికిత్స బయటే దొరుకుతుంటే ట్రయల్లో చేరి మామూలు కీమో రావొచ్చన్న ప్రమాదం ఎవరు కోరి తెచ్చుకుంటారు? అందుకే ట్రయల్స్ ఏళ్ల తరబడి ముందుకు కదల్లేదు. 1999లో ఫలితాలు బయటికొస్తే, ఒక్కటి మినహా మిగతావన్నీ దానివల్ల అదనపు మేలు లేదన్నాయి. ఆ ఒక్కటీ దక్షిణాఫ్రికాకు చెందిన వెర్నర్ బెజ్‌వోడాది. 2000లో తనిఖీకి వెళ్తే అది కల్పిత లెక్కలతో నడిచిందని తేలింది. అప్పటికే వేలమంది స్త్రీలు ఆ చికిత్స బాధ పడ్డారు, కొందరు దానివల్లే చనిపోయారు.

దశలు

కొత్త మందు మనుషుల్లోకి వచ్చాక నాలుగు దశలు దాటుతుంది. మొదటి దశ మోతాదు కోసం. మిగతా జబ్బుల మందులను ఇక్కడ ఆరోగ్యవంతులకు ఇస్తారు. కీమో మందుల్లాంటివి ఆరోగ్యవంతుల ఒంట్లోకి ఎక్కించలేరు కాబట్టి, వేరే దారి మిగలని రోగులనే చేర్చుకుంటారు. పాత పద్ధతిలో ముగ్గురికి ఒక మోతాదు ఇచ్చి, తీవ్రమైన విషప్రభావం కనిపించకపోతే తర్వాతి ముగ్గురికి మోతాదు పెంచుతారు. మొదట చేరినవారికి మందు చాలకపోవచ్చు, చివర చేరినవారికి ఎక్కువైపోవచ్చు. జబ్బు తగ్గించడం ఈ దశ ప్రధానోద్దేశం కాదని సమ్మతి పత్రంలో రాసి ఉంటుంది. చదివినా మనసు ఒప్పుకోదు, అది వేరే సంగతి.

రెండో దశలో గడ్డ తగ్గుతోందా అని చూస్తారు. స్కాన్‌లో కనిపించే గడ్డల కొలతలన్నీ కలిపితే కనీసం 30 శాతం తగ్గితేనే మందు పాక్షికంగా పనిచేసిందంటారు. అప్పటివరకు కనిపించిన అతి తక్కువ కొలతకన్నా 20 శాతం పెరిగినా, కొత్త గడ్డ పుట్టినా జబ్బు ముదిరినట్టు. మూడో దశలో వందల్లో, ఒక్కోసారి వేలల్లో రోగులను చేర్చుకుని, వాడుకలో ఉన్న మేటి చికిత్సతో పోలుస్తారు. అనుమతి రావడం సాధారణంగా దీనిమీదే ఆధారపడుతుంది. మందు మార్కెట్లోకి వచ్చాక సాగే నిఘా నాలుగో దశ.

ఈ మెట్లన్నీ ఎక్కకుండానే అనుమతి పొందిన మందులూ ఉన్నాయి. క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా మందు ఇమాటినిబ్ 1998లో మొదటి దశ మొదలుపెట్టింది, 2001 మేలో అమెరికాలో అనుమతి తెచ్చుకుంది. తగిన మోతాదు చేరాక దాదాపు అందరి రక్తకణాల లెక్కా సర్దుకోవడం అందుకు కారణం. దాని జెనరిక్‌ను హైదరాబాదుకు చెందిన నాట్కో 2003లో తెచ్చింది. ఆ మందు పేటెంటు మీద నడిచిన వ్యాజ్యంలో 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు, దాన్ని మొదట తెచ్చిన నోవార్టిస్ కంపెనీ వాదనను తోసిపుచ్చింది.

చీటీ, ప్లాసిబో, కొలబద్ద

చేరిన రోగి ఏ జట్టులోకి వెళ్తాడన్నది కంప్యూటర్ నిర్ణయిస్తుంది. గ్రామ పంచాయతీలో లబ్ధిదారులను చీటీలు తీసి ఎంచినట్టే, అక్కడ డాక్టరుకూ సిఫార్సుకూ చోటు లేదు. బాగున్నవాళ్లను కొత్త మందు జట్టులోకి, నీరసించినవాళ్లను పాత మందు జట్టులోకి వేస్తే కొత్తది ఎలాగూ గెలుస్తుంది కాబట్టే ఈ జాగ్రత్త. రెండింట్లో ఏది మెరుగో డాక్టర్లకు నిజంగా తెలియని స్థితి ఉన్నప్పుడే ఇలా పంచడం న్యాయం.

ఉత్తుత్తి మాత్ర ఇచ్చి రోగిని వదిలేస్తారన్న భయం చాలామందిలో ఉంది. క్యాన్సర్ ట్రయల్స్‌లో మామూలు చికిత్స ఉండగా దాన్ని ఆపేసి ప్లాసిబో ఒక్కటే ఇవ్వడం నైతికంగా కుదరదు. మామూలు చికిత్సకు అదనంగా ఒక జట్టుకు కొత్త మందు, రెండో జట్టుకు ప్లాసిబో ఇవ్వడం ఎక్కువ. ఎవరికి ఏది వచ్చిందో తెలిసిన స్వతంత్ర నిపుణుల కమిటీ మధ్యమధ్యలో లెక్కలు చూస్తుంది. ఒక జట్టు స్పష్టంగా నష్టపోతుంటే ట్రయల్‌ను మధ్యలోనే ఆపించే అధికారం దానికుంది.

దేన్ని గెలుపుగా లెక్కిస్తారన్న దగ్గర కాస్త జాగ్రత్తగా చదవాలి. రోగి ఎన్నాళ్లు బతికాడన్నది మొండి కొలత, దాన్ని అటూ ఇటూ తిప్పలేం. కానీ దానికి ఏళ్లు పడుతుంది. అందుకని జబ్బు ముదరకుండా ఎన్ని నెలలు ఆగిందన్నదాన్ని కొలుస్తారు. స్కాన్‌లో గడ్డ మూడు నెలలు ఆలస్యంగా పెరిగినంత మాత్రాన రోగి మూడు నెలలు ఎక్కువ బతికినట్టు కాదు. బెవాసిజుమాబ్‌కు 2008లో అమెరికా ఇలాంటి కొలతతోనే ముదిరిన రొమ్ము క్యాన్సర్‌లో తాత్కాలిక అనుమతి ఇచ్చింది. తర్వాతి ట్రయల్స్‌లో ఆయుష్షు పెరగలేదని, దుష్ప్రభావాలు తక్కువేమీ కావని తేలడంతో 2011 నవంబరులో ఆ అనుమతిని వెనక్కు తీసుకుంది. ‘కొత్త మందుతో 40 శాతం మెరుగు’ అని వార్త కనిపిస్తే, దేంట్లో 40 శాతమో చూసుకోవాలి.

ఎవరిని చేర్చుకుంటారు

ప్రోటోకాల్‌లో చేర్చుకునే షరతులు ఒక పట్టిక, చేర్చుకోని షరతులు మరో పట్టిక ఉంటాయి. ముక్క పరీక్షలో క్యాన్సర్ రకం ఖరారు కావాలి, చాలా ట్రయల్స్‌కు గడ్డలో ఫలానా జన్యుమార్పు ఉండాలి. హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్, కాలేయ పరీక్షలు హద్దుల్లో ఉండాలి. రోగి ఎంత చురుగ్గా ఉన్నాడో చూసే ఈకాగ్ కొలమానంలో 0 అంటే మామూలు మనిషిలా తిరుగుతున్నాడని, 4 అంటే పూర్తిగా మంచానికే అతుక్కున్నాడని. చాలా ట్రయల్స్ 0, 1 దగ్గరే ఆగిపోతాయి. రక్తహీనత, మందులతో సాగుతున్న క్షయ, అదుపులో లేని షుగర్ మనవైపు రోగుల్లో మామూలే కాబట్టి, చేరదామని వచ్చినవారిలో కొందరు ఈ పరీక్షల దగ్గరే వెనుదిరుగుతారు. మరో చిక్కూ ఉంది. బలంగా ఉన్నవాళ్లతో నడిచిన ట్రయల్లో గెలిచిన మందును తర్వాత బలహీనుడికి ఇచ్చినప్పుడు అదే ఫలితం వస్తుందన్న హామీ లేదు.

భారతదేశంలో 2022లో కొత్తగా క్యాన్సర్ బారిన పడినవారు 14.6 లక్షలకు పైగా ఉంటారని భారత వైద్య పరిశోధనా మండలి అంచనా. వారిలో ట్రయల్ వరకు వచ్చేవారు బహు తక్కువ. అమెరికాలోనూ పెద్దవారిలో చేరేవారు నూటికి ఐదుగురి లోపేనన్న మాట చాలాకాలం వినిపించింది. పిల్లల క్యాన్సర్లలో మాత్రం పాశ్చాత్య దేశాల్లో సగానికి పైగా ట్రయల్స్ ద్వారానే చికిత్స పొందుతూ వచ్చారు. పిల్లల ల్యుకేమియా ఫార్బర్ నాటి నుంచి ఇప్పటి స్థితికి అంత వేగంగా రావడానికి అదొక ముఖ్య కారణం.

చట్టం

దేశంలో ట్రయల్స్‌ను 2019 మార్చిలో వచ్చిన కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు నడుపుతున్నాయి. కొత్త మందు ట్రయల్‌కు కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి, ఆస్పత్రి నైతిక కమిటీ ఆమోదం రెండూ ఉండాలి. కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. కనీసం సగం మంది ఆ ఆస్పత్రితో సంబంధం లేనివారై ఉండాలి, అధ్యక్షుడూ బయటివాడే కావాలి. ఒక న్యాయ నిపుణుడు, ఒక మహిళ, వైద్యంతో పనిలేని ఒక సామాన్య వ్యక్తి తప్పనిసరి. రోగికి తీవ్రమైన హాని జరిగితే పరిశోధకుడు 24 గంటల్లో తెలియజేయాలి.

చదువురాని రోగికి సమ్మతి పత్రాన్ని చదివి వినిపించేటప్పుడు ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి పక్కన కూర్చుని సంతకం చేయాలి. బలహీన వర్గాలవారిని పూర్తిగా కొత్త మందు ట్రయల్లో చేర్చుకునేటప్పుడు ఈ సంభాషణంతా వీడియోలో రికార్డు చేయాలి. హెచ్ఐవీ, కుష్ఠు మందులకైతే ముఖం కనిపించకుండా ఆడియో చాలు. కాగితం మీద ఇది పకడ్బందీ ఏర్పాటే. అయితే తెలుగు సమ్మతి పత్రాలు కొన్ని ఇంగ్లిష్ నుంచి మాటకు మాట దించినవి. పదిహేను ఇరవై పేజీల్లో ఒక్క వాక్యమైనా రోగి ఇంట్లో మాట్లాడుకునే తీరులో ఉండదు. ‘సంతకం ఎక్కడ పెట్టమంటారు’ అన్న ప్రశ్న తప్ప మరేదీ రోగి నోట రాలేదంటే లోపం రోగిది కాదు.

పరిహారం లెక్క ఒకసారి వేసి చూడదగింది. ట్రయల్ కారణంగా మరణిస్తే 8 లక్షల రూపాయల మూల మొత్తాన్ని వయసు గుణకంతో, ప్రమాద గుణకంతో హెచ్చించి 99.37తో భాగిస్తారు. 65 ఏళ్లవారికి వయసు గుణకం సరిగ్గా 99.37. ఆరు నెలలకు మించి బతకడని అంచనా వేసిన రోగికి ప్రమాద గుణకం 0.5, ఆరోగ్యవంతుడికి 4. అంటే అలాంటి 65 ఏళ్ల క్యాన్సర్ రోగి కుటుంబానికి 4 లక్షలు, అదే వయసు ఆరోగ్యవంతుడి కుటుంబానికి 32 లక్షలు. నెలలోపే చనిపోయే అవకాశం 90 శాతమో అంతకన్నా ఎక్కువో ఉన్నవారికి నికరంగా 2 లక్షలు. ఎలాగూ పోయే ప్రాణమన్న తర్కం ఈ అంకెల వెనుక ఉంది. ఆ ఆరు నెలల కోసమే ట్రయల్‌కు వచ్చిన మనిషికి అది ఎంత న్యాయంగా తోస్తుందో చెప్పలేం. జబ్బు దానంతటది ముదిరి మరణిస్తే పరిహారం వర్తించదు. గాయమో జబ్బో చేస్తే, అది ట్రయల్ వల్ల కాదని తేలేదాకా ఉచిత వైద్యం అందించాల్సిందే.

తప్పు జరిగిన చోట్లు

ఈ నిబంధనలు ఊరికే రాలేదు. తిరువనంతపురం ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రంలో నోటి క్యాన్సర్ రోగుల మీద అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త రూపొందించిన రసాయనాన్ని పరీక్షించారని 2001లో బయటపడింది. అది సరైన భద్రతా పరీక్షలు, సమ్మతి లేకుండా జరిగిందని ఆ విశ్వవిద్యాలయ విచారణే తేల్చింది.

తెలుగు నేల మీద జరిగినది ఖమ్మం జిల్లా వ్యవహారం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు వేశారు. పాథ్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన కార్యక్రమమది. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇదే జరిగింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు మరణించారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని నిలిపివేసింది. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ కాగితాలు తిరగేస్తే వేరే సంగతి బయటికొచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి, 1,948 మీద వేలిముద్రలున్నాయి. గిరిజన సంక్షేమ హాస్టళ్లలో ఉన్న చాలామంది పిల్లల తల్లిదండ్రులను అడిగినవారే లేరు. ఇది ట్రయల్ కాదు, అనుమతి పొందిన టీకాతో చేసిన ప్రదర్శనా కార్యక్రమం అని నిర్వాహకులు వాదించారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ వాదనను ఒప్పుకోలేదు.

దీనికి ఎవరూ ఊహించని కొనసాగింపు ఉంది. అదే సమయంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఆధ్వర్యంలో దేశంలో పలు కేంద్రాల్లో వేరే ట్రయల్ నడుస్తోంది. హైదరాబాదు ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి ఆ కేంద్రాల్లో ఒకటి. మూడు డోసుల టీకా బదులు రెండు సరిపోతాయా అన్నది దాని ప్రశ్న. ఖమ్మం గొడవ దెబ్బకు టీకాలన్నీ ఆపమన్న ఉత్తర్వు దానికీ తగిలింది. అప్పటికి చేరిన 17,729 మంది బాలికల్లో దాదాపు ఐదు వేలమందికి ఒక్క డోసే పడింది. పరిశోధకులు ట్రయల్ మూసేయకుండా ఆ అమ్మాయిలను ఏళ్ల తరబడి పరీక్షిస్తూ వచ్చారు. క్యాన్సర్‌కు దారితీసే రెండు ముఖ్యమైన వైరస్ రకాలు ఒంట్లో పాతుకోకుండా ఒక్క డోసే దాదాపు 95 శాతం రక్షణ ఇచ్చిందని 2021లో తేలింది. ఒక డోసు చాలునని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మాటకు ఆధారాల్లో ఇదీ ఒకటి. ప్రభుత్వాలకు టీకా ఖర్చు బాగా తగ్గే దారి దొరికింది.

మన ప్రశ్నలు

పెద్ద కంపెనీల ట్రయల్స్‌లో ప్రశ్న సాధారణంగా తమ మందుకు మార్కెట్ ఉందా అన్నది. మందు తగ్గించి ఇస్తే చాలదా అని ఏ కంపెనీ అడగదు. దేశంలో అలాంటివి అడిగింది ప్రధానంగా ముంబయిలోని టాటా మెమోరియల్ ఆస్పత్రి. పొగాకు పుణ్యమా అని మన దగ్గర పురుషుల్లో నోటి క్యాన్సర్ ఎక్కువ. తొలిదశ నోటి క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసేటప్పుడే మెడలోని లింఫ్ గ్రంథులు తీసేయాలా, జబ్బు అక్కడికి పాకాక తీస్తే చాలా అన్న తగువు ప్రపంచమంతా దశాబ్దాలుగా ఉండేది. అక్కడి అనిల్ డిక్రూజ్ బృందం దీన్ని తేల్చి 2015లో ప్రచురించింది. మూడేళ్ల తర్వాత బతికున్నవారు ముందే తీసిన జట్టులో 80 శాతం, ఆగి తీసిన జట్టులో 67.5 శాతం. ఇందులో కొనాల్సిన మందేదీ లేదు.

ముదిరిన తల, మెడ క్యాన్సర్లకు నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఉంది. ధర లక్షల్లో కాబట్టి దేశంలో బహు కొద్దిమందే వాడగలరు. మామూలు మోతాదులో సుమారు 6 శాతం, అంటే మూడు వారాలకొకసారి 20 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే ఎలా ఉంటుందని టాటా వైద్యులు అడిగారు. 151 మంది రోగులు చేరారు. అందరికీ చవకైన మూడు నోటి మందులు ఇచ్చారు, ఒక జట్టుకు ఈ చిన్న మోతాదు జోడించారు. ఏడాది తర్వాత బతికున్నవారు నోటి మందుల జట్టులో 16.3 శాతం, నివోలుమాబ్ కలిపిన జట్టులో 43.4 శాతం. ఆ మూడు మందుల్లో ఒకటి భీమవరంలో పుట్టిన సుబ్బారావు పరిశోధన వెనక ఉన్న మెథోట్రెక్సేట్. అదే ఆస్పత్రికి చెందిన రాజేంద్ర బద్వే బృందం మరో ట్రయల్లో రొమ్ము ఆపరేషన్‌కు ముందు గడ్డ చుట్టూ లిడోకెయిన్ అనే మామూలు మత్తు ఇంజెక్షన్ ఇచ్చింది. ఐదేళ్లకు బతికున్నవారు 86.4 నుంచి 90.1 శాతానికి పెరిగారు. పళ్ల డాక్టరు దగ్గర దొరికే మందది.

కొత్త సాంకేతికతలోనూ కొంత ముందడుగు పడింది. రోగి సొంత తెల్ల రక్తకణాలను మార్చి క్యాన్సర్ మీదికి పంపే కార్-టీ చికిత్సను ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి రూపొందించాయి. దేశీయ ట్రయల్స్ తర్వాత 2023 అక్టోబరులో దానికి అనుమతి దొరికింది.

ఉత్తరాంధ్రలో చుట్టను వెలిగించిన వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు, దానివల్ల అంగిట్లో వచ్చే క్యాన్సర్ వైద్య సాహిత్యంలో ప్రసిద్ధమే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో కమలా కృష్ణస్వామి బృందం 1990లలో అడ్డపొగ కాల్చేవారికి విటమిన్ ఏ, రైబోఫ్లావిన్, జింకు, సెలీనియం ఇచ్చి, క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు తగ్గుతాయా అని ప్లాసిబోతో పోల్చి చూసింది. ఫలితం ఆశాజనకంగానే వచ్చినా, ఆ దారిలో పెద్ద ట్రయల్స్ కొనసాగలేదు.

సంరక్షణ ట్రయల్స్

ట్రయల్ అంటే జబ్బు మీదికి మందు వదలడమే కాదు. 2010లో బోస్టన్‌లో జెన్నిఫర్ టెమెల్ బృందం 151 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో సగం మందికి మొదటినుంచే నొప్పి, నిద్ర, దిగులు చూసే పాలియేటివ్ వైద్యులను జోడించింది. వారు 11.6 నెలలు, మిగతావారు 8.9 నెలలు బతికారు. చివరి రోజుల్లో కీమో తక్కువ తీసుకున్నవారే ఎక్కువకాలం ఉన్నారు. కీమో వాంతులకు ఇచ్చే ఓలాంజపిన్‌ను 10 మిల్లీగ్రాముల బదులు 2.5 ఇచ్చినా సరిపోతుందని, పగటి మగత తగ్గుతుందని టాటా మెమోరియల్ చూపింది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో అయినవారితో పర్యవేక్షణలో వ్యాయామం చేయించిన 889 మంది ట్రయల్ ఫలితాలు 2025లో వచ్చాయి. ఎనిమిదేళ్ల తర్వాత బతికున్నవారు వ్యాయామం జట్టులో 90.3 శాతం, కరపత్రాలు మాత్రమే అందుకున్న జట్టులో 83.2 శాతం.

ట్రయల్ వెతకడం

దేశంలో జరిగే ప్రతి ట్రయల్ భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు కావాలి. 2007లో మొదలైన ఈ రిజిస్ట్రీలో నమోదును 2009 జూన్ నుంచి తప్పనిసరి చేశారు. జబ్బు పేరుతో ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. ఏయే ఆస్పత్రుల్లో జరుగుతోంది, బాధ్యుడైన డాక్టరెవరు, నైతిక కమిటీ ఆమోదించిందా, రోగులను ఇంకా చేర్చుకుంటున్నారా అన్నవన్నీ అందులో ఉంటాయి. రిజిస్ట్రేషన్ నంబరు చెప్పలేని ట్రయల్‌ను అనుమానించాలి. ప్రయోగ దశలో ఉన్న మందుకు సాధారణంగా రోగి దగ్గర డబ్బు తీసుకోరు. ట్రయల్ పేరు చెప్పి లక్షలు కట్టమన్నారంటే అది వ్యాపారం.

అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడి రిజిస్ట్రీ లింకులు వాట్సాప్‌లో పంపడం ఇప్పుడు మామూలైంది. అక్కడ ట్రయల్ మందు ఉచితంగా వచ్చినా స్కాన్లు, రక్తపరీక్షలు, ఆస్పత్రి పడక ఖర్చు రోగి ఆరోగ్య బీమా భరిస్తుంది. విజిటింగ్ వీసా మీద వెళ్లిన అమ్మానాన్నలకు ఆ బీమా ఉండదు కాబట్టి బిల్లు పిల్లల మీదే పడుతుంది. ప్రతి రెండు మూడు వారాలకూ ఆస్పత్రికి వెళ్లాల్సి ఉంటుంది, వీసా గడువూ చూసుకోవాలి.

చేరేముందు డాక్టరును అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇది ఎన్నో దశ? నేను చేరకపోతే ఇచ్చే చికిత్స ఏమిటి, అది ఆరోగ్యశ్రీలో వస్తుందా? అదనపు ముక్క పరీక్షలెన్ని? దారి ఖర్చులిస్తారా? రాత్రిపూట జ్వరమొస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి? మందు పనిచేస్తే ట్రయల్ ముగిశాక కూడా ఇస్తారా? 2019 నిబంధనల ప్రకారం, వేరే చికిత్స లేక ఆ మందే మేలు చేస్తోందని డాక్టరు సిఫార్సు చేసి నైతిక కమిటీ ఒప్పుకుంటే, తర్వాత కూడా మందును కంపెనీ ఉచితంగా ఇవ్వాలి. ఎప్పుడైనా కారణం చెప్పకుండా బయటికొచ్చే హక్కు రోగికి ఉంటుంది. అలా వచ్చినందుకు ఆ ఆస్పత్రిలో మామూలు వైద్యం ఆపడానికి వీల్లేదు.